అందరికీ సమానంగా చెవుడు

...అడిగానని చెప్పి మొత్తం తీసేస్తారా తౌనో? నువ్వే చెప్పు. గుమ్మం ఎత్తుగా ఉంది, ఎక్కలేకపోతున్నాను, చిన్న మెట్టు కట్టండి నాయనా అంటే, ఇల్లే కూలగొట్టేస్తారా ఎవరైనా?

నీ పాఠాలు లేవిక. చిత్తడినేలల గురించి ఏళ్ళ తరబడి నువ్వు చెప్పినవి, యూనివర్సిటీ వాళ్ళు వీడియోలు తీసి ఊరందరూ చూసుకోమని పెట్టినవి, ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు. మనిషి పోయాడు, సరే, ఎవరి చేతిలో ఉంది. మాట కూడా పోవాలా?

ఉండు, పొయ్యిలో ఇంకో కట్టె పడేస్తాను. నీ చెయ్యి పడకపోతే ఈ సానా, ఈ ఆవిరిస్నానాల గది, సరిగ్గా వేడెక్కి చావదు. చెవి మిషన్లు బయట గూట్లో పెట్టొచ్చాను, ఆవిరికి పాడైపోతాయి కదా. నా గొంతు నాకే వినపడటం లేదు. అరుస్తున్నానేమో! అరిస్తే అరిచాను. సరస్సు అవతలివాళ్ళు వింటే విన్నారు.

నువ్వు నోరు విప్పేది కూడా ఇక్కడే కదా. ఇంట్లో బెల్లం కొట్టిన రాయివి. ఉప్పందించు అన్నావంటే ఆ రోజుకి అదే ఉపన్యాసం. శనివారం ఈ బల్లెక్కి కూర్చున్నావా, సోమవారం పిల్లలకి చెప్పబోయేదంతా ముందు నా మీద ప్రయోగం. నీకు పాఠం, నాకు చెమట. అయినా బాగుండేది, అబద్ధమెందుకు.

అసలు నేనేం గొంతెమ్మ కోరికలు కోరాను? చెవులు పోతున్నాయి. మిషన్లు పెట్టుకుని వింటే నీ గొంతని తెలుస్తోంది, మాట తెలియడం లేదు. తెర మీద కింద సబ్‌టైటిల్స్ వేస్తే చదువుకుంటాను. ఇంతే కదా!

ఆ ఆలోచన కూడా నాది కాదు. యర్మోది. అవును, నీ శిష్యుడు యర్మోయే. మన వేసవి ఇంట్లో బల్ల ఆక్రమించి థీసిస్ రాసుకున్నవాడు. నా చేతి రై పిండి రొట్టె తిని మా అమ్మ కూడా ఇలా చెయ్యదన్నవాడు. ఇప్పుడు నీ కుర్చీలో కూర్చున్నవాడు. కాఫీకని వచ్చి, నా చెయ్యి పట్టుకుని, పెదాలు కదిలిస్తూ ఒక్కో మాటా నింపాదిగా చెప్పాడు.

"హెల్వీ, మీరొక అర్జీ పెట్టండి. వినపడని మనిషే అడిగితే, చట్టప్రకారం యూనివర్సిటీ ఏదో ఒకటి చేసి తీరాలి. మిగతాది నేను చూసుకుంటాను."

చూసుకున్నాడు. భేషుగ్గా చూసుకున్నాడు.

చట్టం ఏమంటుందట? పెడితే అందరికీ అందేలా పెట్టాలి, లేదంటే పెట్టనే కూడదట. మరి పెట్టకపోవడమే తేలిక కదా, చెమటోడ్చే పని లేదు. నీ పాఠాలుండే చోట ఇప్పుడో ప్రకటన ఉంది. వినికిడి లోపం ఉన్నవారి హక్కులను గౌరవిస్తూ వీటిని తొలగించామని. గౌరవించారట! ఇప్పుడు నాకూ అర్థం కాదు, నిక్షేపంలాంటి చెవులున్నవాడికీ అర్థం కాదు. అందరికీ సమానంగా చెవుడు పంచిపెట్టారు.

ఇర్యా ఉంది కదా, బడిలో సైన్సు చెప్పే ఇర్యా. ఏటా పిల్లలకి నీ పాఠాలు చూపించేది. మొన్న కొట్లో కనపడి నా చెవిలో అరిచి మరీ చెప్పింది, ఎవరో చెవిటి ముసల్ది ఫిర్యాదు చేసి తౌనోవన్నీ తీయించేసిందట, ఏం పోయేకాలమో అని. నేను క్యాబేజీ ఏరుకుంటున్నట్టు తలొంచుకున్నాను. పాపం దాన్ననేం లాభం? తౌనో పెళ్ళామే ఆ పని చేసిందని కలగంటుందా?

నేరుగా యర్మో గదికే వెళ్ళాను. ఎదురుగా ఉంటే పెదాలు చూసి సగం గ్రహిస్తానని వాడికి తెలుసు. అందుకని కిటికీ వైపు తిరిగి మాట్లాడాడు తౌనో! భుజాలు కదులుతున్నాయి, మాట్లాడుతున్నాడని తెలుస్తోంది, ఏమంటున్నాడో తెలియదు. కొట్టినా అంత బాధపడను. నేను కదలకపోయేసరికి చివరికి ఇటు తిరిగాడు. ఒక్క ముక్క అన్నాడు.

"అర్జీ పెట్టింది మీరే కదా."

ఇంతకన్నా ఘోరం విను. ఇంటికొచ్చి ఆ వెబ్‌సైటంతా వెతికాను. వాడిదో కొత్త పాఠాల వరస ఉంది. చిత్తడినేలల మీదే. కింద సబ్‌టైటిల్స్ ముత్యాల్లా నడుస్తున్నాయి, ఒక్క తప్పు లేదు. వీడికి వేసుకోవడం వచ్చన్నమాట అనుకుంటూ చదువుతున్నాను. "చిత్తడినేలకీ మా అత్తగారికీ మరపనేది లేదు. ఏం పడేసినా వెయ్యేళ్ళయినా పాడవకుండా దాచి, అదును చూసి బయటపెడతారు" అన్నాడు.

వాడికి అత్తగారెక్కడిది? పెళ్ళే చేసుకోలేదు వెధవ!

ఆవిడ మా అమ్మ తౌనో. ఈ బల్ల మీదే మొదటిసారి అన్నావా మాట. ఆవిరిలో ఒంటికి కొట్టుకునే బర్చ్ కొమ్మల కట్టతో నీ వీపు మీద ఒక్కటేశాను కూడా. వాడి పాఠంలో అక్కణ్ణుంచి మాట మాటా నీదే. పేరు మాత్రం నీది కాదు. నీ వీడియోలు పక్కనే ఉంటే ఎవరో ఒకరు పోల్చి చూస్తారు కదా. అందుకని తీయించాలి. ఊరికే తీస్తే ఎందుకని అడుగుతారు. అందుకని నా చెవుడు కావలసొచ్చింది వాడికి. కాఫీ తాగుతూ, చెయ్యి పట్టుకుని అడిగి పట్టుకుపోయాడు.

యూనివర్సిటీ పెద్ద, ఆ రెక్టరుకి రాయి, నలుగురికీ చెప్పు అంటావు. కాగితం ముందు కూర్చున్నాను. రాయలేదు. రాస్తే ఏం చేస్తారు వాళ్ళు? వాడి పాఠాలూ తీసేస్తారు. వాళ్ళకి చేతనైన పని అదొక్కటే.

అవి కూడా తీసేస్తే నాకేం ఉంటుంది?

చెప్పేస్తాను, కోప్పడకు. సాయంత్రం అయ్యేసరికి వాడి పాఠమే పెట్టుకుంటున్నాను తౌనో. కంప్యూటరు మీద గిన్నెలు తుడిచే గుడ్డ వేలాడేసి, వాడి మొహం కప్పేసి, కింద నడిచే అక్షరాలు మాత్రం చదువుకుంటున్నాను. నిన్నయితే నవ్వాను కూడా. ఏం చెయ్యను మరి? నువ్వు నాతో మాట్లాడుతున్నది ఆ దొంగ నోట్లోంచే.