కరగని మాత్రను పట్టుకున్న లక్ష్మీకామేశ్వరి గారు

1993 జూలై 12, సోమవారం ఉదయం మన ఔషధ కర్మాగారపు నాణ్యతా పరీక్షాశాలలో శ్రీమతి లక్ష్మీకామేశ్వరి గారు రసాయన విశ్లేషకురాలిగా చేరారు. అదే ఉదయం, అదే హోదాలో నేనూ చేరాను. నాటి నుంచి వారిని అందరికన్నా దగ్గరగా చూసినవాణ్ణి నేనే. అందరికన్నా ఎక్కువగా ఈర్ష్యపడినవాణ్ణీ నేనే. ఈ రెండో మాట పదవీ విరమణ అభినందన వ్యాసంలో అవసరమా అని సంచిక సంపాదకవర్గం వారు మర్యాదగానే అడిగారు. అది తీసేస్తే నా దగ్గర విశేషణాలు తప్ప ఏమీ మిగలవు కనుక ఉంచుతున్నాను.

బొబ్బిలిలో తరతరాలుగా సంగీతం నేర్పే కుటుంబంలో వారు జన్మించారు. రాజాం దగ్గర వరి పండించే ఇంట్లో నేను పుట్టాను. చేరిన కొత్తలో మా ఇద్దరికీ ఉన్నది ఒకే ఒక్క పాత స్పెక్ట్రోఫోటోమీటరు. మందు కలిపిన ద్రావణంలోంచి కాంతిని పంపి, ఎంత కాంతి ఆగిపోయిందో చూసి, ఎంత మందు ఉందో లెక్కకట్టే ఆ యంత్రం మీద నా చెయ్యి వారి చేతికన్నా వేగంగా ఆడేదని చెప్పడానికి నాకు మొహమాటం లేదు. ఆ మాట ఇప్పటివరకు ఎవరూ చెప్పలేదు కాబట్టి నేనే చెప్పుకుంటున్నాను.

తరువాత హెచ్‌పీఎల్‌సీ యంత్రం వచ్చింది. ఒక మాత్రలో కలిసివున్న పదార్థాలను ద్రవంతో నెట్టి, విడదీసి, ఒక్కొక్కదాన్ని ఒక్కొక్క శిఖరంగా కాగితం మీద గీసే ఆ యంత్రం మీద శిక్షణకు ఒక్కరినే పంపాలన్నప్పుడు సంస్థ వారినే పంపింది. వారు తిరిగివచ్చాక, రెండు మందులు కలిసిన ఒక రక్తపోటు మాత్ర పరీక్షను సంస్థ నాకు అప్పగించింది. నేనెంత కుస్తీ పట్టినా ఆ రెండు శిఖరాలూ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చునేవి. కామేశ్వరి గారు వచ్చి, ద్రవంలో ఆమ్లత్వం కాస్త తగ్గించి చూశారు. మధ్యాహ్న భోజనం వేళకు రెండు శిఖరాలూ విడివిడిగా, ముచ్చటగా నిలబడ్డాయి. వారు ఏదో కీర్తన కూనిరాగం తీస్తూ చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు. ఆ కూనిరాగం వినపడితే నాకు నేటికీ అన్నం సహించదు.

వారి జీవితంలో గొప్పదిగా అందరూ చెప్పుకునే సంఘటన 2006 వానాకాలంలో జరిగింది. రాజాం అవతల ఒక ఆరోగ్యకేంద్రం నుంచి డాక్టర్ అరుణశ్రీ గారు ఫిర్యాదు పంపారు. మనం తయారుచేసే మూర్ఛమాత్ర వాడుతున్నా రోగులకు ఫిట్లు తిరగబెడుతున్నాయని దాని సారాంశం. మన దగ్గర దాచివుంచిన అదే బ్యాచి మాత్రలను నేనే పరీక్షించాను. మందు పూర్తిగా ఉంది. ఆ ఫలితం సరైనదే, ఈనాటికీ సరైనదే.

అప్పటి నాణ్యతా విభాగాధిపతి ధనరాజ్ గారు, ఆ ఫిర్యాదు మూసివేత పత్రం మీద సంతకం పెట్టమని కామేశ్వరి గారిని అడిగారు.

"మందు సరిగ్గా ఉందని తిరుమలరావు గారి రిపోర్టు చెప్తోంది కదమ్మా. ఇంకా వెతకడానికేముంది?"

"మందు మాత్రలో ఉంది సార్. మనిషి ఒంట్లోకి వెళ్తోందా లేదా అన్నది ఆ రిపోర్టు చెప్పదు. నేను సంతకం పెట్టలేను."

పదోన్నతుల జాబితా తయారవుతున్న నెల అది. సంతకం పెట్టనన్నవారి పేరు అందులో ఉండదని అందరికీ తెలుసు. వారి మొండితనం నాకు కలిసొస్తుందేమోనని నేను మనసులో లెక్కలు వేసుకుంటూ ఉండగానే, "మీ ఊరి వైపే కదా, తోడు వస్తారా?" అని వారు నన్నే అడిగారు.

వెళ్ళాం. గున్నమ్మ అనే ఆవిడ ఇంటి అరుగు మీద కూర్చున్నాం. మూర్ఛరోగి ఆమె కూతురు శ్రావణి. ఆ పిల్ల నుదుటి మీద అప్పటికింకా పచ్చిగా ఉన్న గాయం. గున్నమ్మ మమ్మల్ని చూసి ముందు ముఖం తిప్పుకుంది.

"మీరూ అదే అడగడానికొచ్చినారేటి? మాతర్లు ఎయ్యట్లేదని డాకటరమ్మ నన్నే తిట్టినాది. నా పిల్లకి నేను మందెయ్యనా తల్లీ? ఏళకి ఏత్తనే ఉన్నాను. ఎండల్లో బాగానే ఉన్నాది. వానలు పడిన కాడ్నించీ మల్లీ పడిపోతన్నాది. మొన్న పొయ్యికాడ పడిపోనాది. నేను ఎదురుగా ఉన్నాను కాబట్టి బతికినాది."

"నువ్వు వేస్తున్నావమ్మా, నాకు తెలుసు," అన్నారు కామేశ్వరి గారు. "ఆ మాత్రలు ఒకసారి చూపిస్తావా?"

ఆ ఒక్క మాటకు గున్నమ్మ బావురుమంది. అదే యాసలో పుట్టి పెరిగిన నేను పక్కనే ఉండగా, ఆమె బొబ్బిలి ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చింది. నేను అప్పుడు కూడా ఈర్ష్యపడ్డాను.

మాత్రలు కాగితం పొట్లంలో, నీళ్ళకుండ పక్కన గూట్లో ఉన్నాయి. కామేశ్వరి గారు ఒకదాన్ని విరవబోయారు, విరగలేదు. గోటితో గీకారు, పొడి రాలలేదు. అక్కడి నుంచి ఆరోగ్యకేంద్రానికి వెళితే, వెయ్యి మాత్రల పెద్ద డబ్బా మూత రోజంతా తీస్తూ పెడుతూ ఉన్నారు. వానాకాలపు చెమ్మంతా అందులోకే పోతోంది; ఆ చెమ్మకే మాత్రలు బిగుసుకుపోతున్నాయన్నది వారి అనుమానం. ఆ డబ్బాలోవి కొన్ని, గున్నమ్మ ఇంట్లోవి కొన్ని పట్టుకుని తిరిగివచ్చాం.

పరీక్షాశాలలో వారు ఆ పొట్లాలు నా చేతిలో పెట్టారు. "కరిగే పరీక్ష మీరే చెయ్యండి తిరుమలరావు గారూ. నేను చేస్తే నేననుకున్నదే నాకు కనిపిస్తుంది."

వారనుకున్నది తప్పయితే సంతోషించే మనిషిని నేనొక్కణ్ణేనని వారికి తెలుసు. శరీరమంత వెచ్చగా ఉంచిన నీటితో గాజుపాత్రలు సిద్ధం చేశాను. కొన్నింటిలో మన దగ్గర తేమ తగలకుండా ఉన్న మాత్రలు, కొన్నింటిలో ఊరి నుంచి తెచ్చినవి వేశాను. తెడ్లు తిరగడం మొదలైంది. మనవి చూస్తూండగానే విచ్చుకుని పొడైపోయాయి. ఊరివి గులకరాళ్ళలా అడుగున పడివున్నాయి. కరగాలని, ఎలాగైనా కరగాలని నేను కోరుకున్నాను. గంట గడిచాక నీరు తీసి కొలిస్తే, అందులో సగం మందు కూడా లేదు. మందంతా మాత్రలోనే ఉంది, ఆ పిల్ల ఒంట్లోకి మాత్రం పోవడం లేదు. మళ్ళీ చేశాను. అదే వచ్చింది. 'ఈవిడ నెగ్గింది' అన్నది నాకు వచ్చిన మొదటి ఆలోచన. పొయ్యి దగ్గర పడిన పిల్ల ఆ తరువాతే గుర్తుకు వచ్చింది.

ఉన్న ఫలితాన్ని ఉన్నట్టు రాసి ధనరాజ్ గారి ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి, ఆ సాయంత్రమే డబ్బాలన్నీ వెనక్కి రప్పించమని ఉత్తర్వు ఇచ్చారు. ఒక్కొక్క మాత్రను అల్యూమినియం రేకులో విడిగా మూసే పద్ధతి వచ్చింది. మాత్రలను తేమలో ఉంచి, ఆపైన కరిగే వేగం కొలిచే విధానాన్ని కామేశ్వరి గారు రూపొందించారు. మన శాలలో నేటికీ దాన్నే అనుసరిస్తున్నాం. శ్రావణికి ఫిట్లు అదుపులోకి వచ్చాయి. ఆమె నేడు రాజాంలో ఒక కళాశాల గ్రంథాలయంలో పనిచేస్తోంది.

పదోన్నతి వారికే వచ్చింది. హైదరాబాదు సదస్సులో ఈ పని గురించి వారు ప్రసంగించినప్పుడు నేను వెనుక వరుసలో కూర్చున్నాను. తెర మీద పరిశోధకుల పేర్లలో మొదట నా పేరు వేశారు. నిందించడానికి కూడా వారు నాకేమీ మిగల్చలేదు. అది అన్నిటికన్నా కష్టంగా తోచింది.

పిమ్మట పరీక్షాశాల అధిపతిగా వారు ఎందరికో పని నేర్పారు. భర్త శ్రీరామ్ గారి సహకారంతో, కుమార్తె సంహిత చదువులో ఏ లోటూ రానివ్వకుండా ఇల్లు నడిపారు. ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడుకోరని విని నేను నమ్మలేదు. వెళ్ళి చూశాను, నిజమే.

వచ్చే నెల నుంచి వారి కుర్చీ నాది. ముప్పై ఏళ్ళు కోరుకున్న కుర్చీ, వారి వయసు పుణ్యమా అని నాకు దక్కుతోంది. ఈ వ్యాసం నాచేతే రాయించమని సంపాదకవర్గానికి చెప్పినది కూడా వారేనట. తెలిసి, వెళ్ళి అడిగాను.

"మీరంటే నాకు మొదటినుంచీ ఈర్ష్య అండి. ఆ సంగతి మీకు తెలుసా?"

"తెలుసండి," అన్నారు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ. "అందుకే మిమ్మల్ని అడగమన్నాను. మీరైతే ఒక్క మాట కూడా ఎక్కువ వెయ్యరు."

వెయ్యలేదు. శ్రీమతి లక్ష్మీకామేశ్వరి గారు భర్తతో, బిడ్డతో, తమ సంగీతంతో నిండు ఆయుష్షు గడపాలని, ఏ మాత్రతోనూ అవసరం పడని ఆరోగ్యం వారికి కలగాలని, వారిని కలిసినప్పుడల్లా ఆ ఆరోగ్యాన్ని చూసి కూడా నేను కుళ్ళుకునేలా చిరకాలం చల్లగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.