రాకెట్టు పోలేరయ్య విన్నదీ, విననిదీ

ఆ ప్రూఫు కాగితం ఇట్లా ఇవ్వు విజయభాస్కరూ, కళ్లజోడు పెట్టుకుంటాను. ఊఁ... ‘రాకెట్టు పోలేరయ్య’. శీర్షిక బాగుంది. కింద రాసిందే బాగలేదు. ఉండు, చదువుతాను, నువ్వు రాసింది ఇంకొకరి నోట వింటే తప్పు నీకే తెలుస్తుంది. “1963 నవంబరు 6వ తేదీ బుధవారం నాడు, గాలివాన వస్తున్నదని పంచాయతీ రేడియో హెచ్చరించినా లక్ష్యపెట్టక, కుక్కను చుక్కల్లోకి పంపినోళ్ల మాట నేను వినేదేంది అని రేడియో మీద ఉమ్మి, పోలేరయ్య తెప్ప దించినాడు. తనతో పాటు మరి ఇద్దరిని బలిచేసినాడు.” పాళెంలో ఎవరిని అడిగినా ఇదే చెపుతారు, కాదనను. అందరూ ఒకే మాట చెపుతున్నారంటే అందరూ ఒకచోటే విన్నారని అర్థం, అందరూ చూసినారని కాదు. నిదానంగా చూడు. ఉమ్మినాడన్నావు. ఆ రేడియో బడి వసారాలో, చెక్కపెట్టెలో, నా తలకంటే జానెడు ఎత్తున, ఇనుప జల్లెడ వెనక ఉండేది. దాని మీద ఉమ్మాలంటే నిచ్చెన కావాలి. రెండోది, ఆ మాట విన్నదెవరు? తెప్ప దించేటప్పుడు ఆయన పక్కన ఉండింది నరసయ్య, ముత్యాలయ్య. ఇద్దరూ తిరిగి రాలేదు. మరి ఆ మాటను ఒడ్డుకు మోసుకొచ్చిందెవరు, అలలా? నవ్వొద్దు. సోమవారం అచ్చుకు పోతుందన్నావు గదా ఈ పాళెం చరిత్ర పుస్తకం. నిన్న పోలేరయ్య కూతురు కామమ్మ వచ్చి, నువ్వు కూర్చున్న బల్ల మీదే కూర్చుని, ఒకటే అడిగింది. “అయివారూ, అచ్చేసినాక ఇంక చెరగదు గదా. గాలి వస్తుందనే మాట మా నాయన చెవిన పడినాక పోయినాడా, పడకముందే పోయినాడా? అది ఒకటి చెప్పండి చాలు.” రేపు చెపుతానమ్మా అన్నాను. ఆమెకు చెప్పే ముందు నీకు చెప్పాలి గదా, అచ్చేసేవాడివి నువ్వు.

నేనెవరో నీకు తెలుసనుకో, అయినా వరస తప్పకూడదు. మాది బుచ్చిరెడ్డిపాళెం వైపు, వరి మళ్లలో పుట్టిన వాణ్ణి. ఈ కాలికి బురద అలవాటు గాని ఇసుక అలవాటు లేదు. 1956లో ఈ పట్టపుపాళెం బడికి వేసినారు. అల్లూరులో బస్సు దిగి ఆరు మైళ్లు నడక; చెప్పులు చేతిలో పట్టుకొని వచ్చినాను, వస్తే నలుగురు పిల్లలు, ఒక మేక. మేక మాత్రం రోజూ వచ్చేది. ఆ మరుసటి ఏడు వానలకు ముందు పంచాయతీ రేడియో వచ్చింది. కరెంటు లేని ఊరు, బ్యాటరీతో పాడేది. ఇటుకలు రెండు కలిపి కట్టినంత ఉండేది ఆ బ్యాటరీ. చదువొచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే గనుక తాళం నాకిచ్చి, సాయంత్రం గంటన్నర మాత్రమే పెట్టాలి, ఆరు నెలలు రావాలి అని చెప్పి పోయినారు. ఆ మాట కాస్త గుర్తు పెట్టుకో. రేడియో వచ్చిన మూడు నెలలకే, అక్టోబరు 4న, రష్యావాళ్లు స్పుత్నిక్ ఎగరేసినారు. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. హిస్టరీ పుస్తకాలు తప్ప ఇంకేమీ చదవనివాణ్ణి, హిస్టరీయే నడిచి మా బడి వసారాలోకి వచ్చినట్టయింది.

వసారా కింద ఇసుకలో కూర్చునేవాళ్లు జనం. ముందు వరసలో పోలేరయ్య. నలభై దాటిన మనిషి, పొట్టి, చెవిలో సగం కాలిన చుట్ట. నేను వార్తకు అర్థం చెప్పేవాణ్ణి, ఆయన ఆ అర్థానికి అర్థం చెప్పేవాడు. గంటన్నరకొకసారి భూమిని చుట్టి వస్తుందయ్యా అన్నాను. “గంటన్నరా? అల్లూరి బస్సు బయల్దేరేదానికే అంతసేపు పడుతుందే అయివారూ, దానికి డ్రైవరు లేడనుకుంటా” అన్నాడు. జనం పొర్లి పొర్లి నవ్వినారు. నెల తిరక్కముందే లైకా, ఆ కుక్క. అది తిరిగి రాదు, దించే ఉపాయం ఇంకా కనుక్కోలేదు అని చెప్పినాను. అప్పుడు మాత్రం ఆయన నవ్వలేదు. “దిగేదారి చూడకుండా ఇంకొక ప్రాణాన్ని ఎక్కించేవాణ్ణి మా పాళెంలో తెప్ప ముట్టనీరు. వాడు ఎంత చదివినోడైనా సరే.” అదీ ఆయన లైకా గురించి అన్న మాట. కుక్కను పంపినోళ్ల మాట వినను అనలేదు. ఈ రెండింటికీ తేడా ఉంది అబ్బయ్యా. నలభై ఏళ్లు నానితే మొదటిది రెండోదయింది.

1959లో చంద్రుడికి రాకెట్టు తగిలించినారు. మర్నాడు పొద్దున్నే ఆయన ఉప్పుటేరు ముఖాన పోటునీళ్ల గుర్తు కోసం పాతిన తాటిమొద్దు దగ్గరికి పోయి, సాయంత్రం వచ్చి చెప్పినాడు. “నీళ్లు నిన్నటి గీతకే వచ్చినాయి. గట్టిగా తగల్లేదు మీ రాకెట్టు.” ఎకసెక్కమే, కాదనను. కాని అంతమందిలో పోయి చూసి వచ్చినవాడు ఆయనొక్కడే. నేను పోలేదు, నేను నమ్మినాను. గగారిన్ నూట ఎనిమిది నిమిషాల్లో చుట్టి వచ్చినాడంటే, “వల వేసి లాగేంతసేపు కూడా కాదే, ఏం పట్టుకొచ్చినాడు?” అన్నాడు. ఇట్లాంటివే పాళెమంతా తిరిగి, ఆయనకు రాకెట్టు పోలేరయ్య అని పేరొచ్చింది. ఆయన ఎకసెక్కాలు అందరికీ వినపడేవి. ఆయన తాళ్లు నేనొక్కణ్ణే చూసినాను.

తాళ్లంటే, చెపుతున్నా. వాళ్ల ఇంటి చూరుకు రెండు వలతాళ్లు వేలాడుతుండేవి. ఒకటి రేడియోది, ఒకటి ఆయన తాతది. రాత్రి రేడియో జాలరులకు గాలి సంగతి చెపుతుంది గదా, మర్నాడు అది నిజమైతే రేడియో తాడుకు ఒక ముడి. తప్పితే ముడికి బదులు ఒక గవ్వ కట్టేవాడు. తాత చచ్చి ఇరవై ఏళ్లయింది, కాని ఆయన నేర్పిన గుర్తులున్నాయి. పడమటి రంగు, తూనీగల మంద, పీతలు బొరియలు మూసుకోవడం, నీళ్ల వాలు. వాటిని చూసి తాత ఏమనేవాడో అది అనుకొని, దానికీ ముడి, దానికీ గవ్వ. రెండు వానకాలాలు కట్టినాడు. ఇది నేను చదివిన ఏ శాస్త్రగ్రంథంలో చెప్పిన పద్ధతికీ తీసిపోదు. 1961 చివర్లో నన్ను పిలిచి చూపించినాడు. “రేడియోకు పదికి ఏడు అయివారూ. మా తాతకు ఆరు. జీతం లేని మనిషి గదా, ఆ మాత్రం దానికి మెచ్చుకోవాల.” ఆ ఒకటి పెద్ద తేడానా పోలేరయ్యా అంటే, “మీకు పెద్దది కాదు. నాకు ఆ ఒకటి ఒక తెప్ప” అన్నాడు. అప్పటినుంచి వానకాలంలో రేడియో వినకుండా ఆయన తెప్ప నీళ్లలోకి దిగలేదు. సైన్సును నమ్మని మనిషి అని రాసినావే, మన పాళెంలో సైన్సును కొలిచి నమ్మినవాడు ఆయనొక్కడే. నాకున్నది నమ్మకం కాదు, పిచ్చి.

ఆ పిచ్చి సంగతే ఇప్పుడు. 1963 జూన్ మొదటి వారంలో కొత్త బ్యాటరీ వేసినాను. నవంబరు చివరిదాకా రావాలి. జూన్ 14న రష్యావాళ్లు ఒక మనిషిని పంపినారు, 16న ఆడమనిషిని, తెరెష్కోవా. ఇద్దరూ పైన ఒకేసారి తిరుగుతున్నారు. నేను ఆగలేకపోయినాను. పొద్దున పెట్టినాను, మధ్యాహ్నం పెట్టినాను, బడి తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించి ఇంగ్లీషు వార్తలు విన్నాను. పోలేరయ్య పెండ్లాం పేరమ్మ ఎండుచేపల తట్ట దించి కిటికీలోంచి అడిగింది, “ఏమంటుంది అయివారూ మీ ఆకాశంలో ఆడకూతురు?” మూడు దినాలుగా తిరుగుతుందమ్మా అన్నాను. “మూడు దినాలు పొయ్యి ముట్టించే పని లేదు. మహారాణి!” అని తట్ట ఎత్తుకొని పోయింది. వాళ్లు దిగినారు గాని నాకు పగటి వార్తలు అలవాటైపోయినాయి. జూలై, ఆగస్టు, సెప్టెంబరు. రోజుకు గంటన్నర పాడవలసింది రెండు గంటలు, ఒక్కోనాడు రెండున్నర పాడింది. పైవాళ్లు అడుగుతారా? అడగరు. జనం అడుగుతారా? వాళ్లు పగలు నీళ్ల మీద ఉంటారు. అక్టోబరులో గొంతు కీచుమనడం మొదలుపెట్టింది. తర్వాత అదీ లేదు.

ఆ నెలలో పాళెం సగం ఖాళీ. పులికాటు వైపు వేటకు పోయినారు, ఏటేటా పోయేదే. ఉన్నవాళ్లు ముసురుకు గడప దాటలేదు. వసారాకు వచ్చేది ఆ ముగ్గురే, పోలేరయ్య, బామ్మర్ది నరసయ్య, పక్కింటి ముత్యాలయ్య. నవంబరు 5, మంగళవారం సాయంత్రం వచ్చినారు. “గాలి మాట ఏంది అయివారూ?” రేడియో పలకడంలేదయ్యా, బ్యాటరీ ఇంకా రాలేదు అన్నాను. అప్పుడాయన, గొంతు పెంచకుండా, “పోయినసారిది ఆరు నెలలు వచ్చిందే?” అన్నాడు. లెక్క పెట్టుకునే మనిషి గదా. కంపెనీ సరుకు నాసిరకం అన్నాను. ఓహో అన్నాడు. పెట్టె వైపు చూడలేదు, నా వైపు చూసినాడు. ఎంతసేపు అంటే, ఎక్కువసేపు కాదు. “నాలుగు దినాలుగా పొయ్యిలో పిల్లి లేవలేదు. పిల్లోళ్లు గంజి అడుగుతున్నారు. సరేలే, తాత ఉన్నాడు గదా” అని ముగ్గురూ పోయినారు. ఆ సాయంత్రం పడమర శుభ్రంగా ఉండింది, అది నేనూ చూసినాను. తాత ప్రకారం పోవచ్చు. నాకు సైకిలు ఉండింది. అల్లూరు ఆరు మైళ్లు. అక్కడ రేడియో పలుకుతున్నదని నాకు తెలుసు. బురద గదా అనుకున్నాను. మర్నాడు వాళ్లు తెప్ప దించినారు, మధ్యాహ్నం గాలి లేచింది. పెద్ద తుపాను కాదు, పేపర్లో రెండు వాక్యాలు. నాలుగోనాడు తెప్ప కొయ్యలు మాత్రం దొరికినాయి.

తాలూకా నుంచి ఒక ఉద్యోగి వచ్చి విచారించినాడు. “హెచ్చరిక ప్రసారమైందా మాస్టారూ?” అయింది సార్. నిజమే, మనకు ఉత్తరాన ఉన్న పాళెంవాళ్లు వాళ్ల రేడియోలో విని ఆగిపోయినారు. రాసుకున్నాడు. మన రేడియో పలికిందా అని ఆయన అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పడం ప్రభుత్వోద్యోగి లక్షణం కాదని నాకు నేను చెప్పుకున్నాను. రేడియో మూగదని తెలిసినవాళ్లం నలుగురం. ముగ్గురు తెప్ప మీద పోయినారు. ఆ రిపోర్టులోంచి వచ్చిందే నీ ‘లక్ష్యపెట్టక’. మిగతాది, ఆ ఉమ్మడం అవీ, తర్వాత జనం చేర్చినారు. ముత్యాలయ్య తల్లి చచ్చేదాకా పేరమ్మ ఇంటి నీళ్లు ముట్టలేదు. “నీ మొగుడు ఎకసెక్కాలకు పోయి నా కొడుకును మింగినాడు” అని రేవులో అందరి ముందరా అనేది. పేరమ్మ తట్ట ఎత్తుకొని పోయేది. ఆమెకూ తెలియదు గదా. కామమ్మకు అప్పుడు ఎనిమిదేళ్లు, నా బడిలోనే రెండో క్లాసు. ముందు బల్ల.

లేదబ్బయ్యా, నా మాట మీద దిద్దవద్దు. నలభై ఏళ్ల తర్వాత ముసలివాడు చెప్పేది ఆధారం కాదు, నేనైతే ఒప్పుకోను. ఆ ట్రంకుపెట్టె మూత ఎత్తు. ఎర్రగుడ్డలో చుట్టింది, అదే. పంచాయతీ రేడియో దినచర్య పుస్తకం. బదిలీ అయినప్పుడు అప్పగించవలసింది, అప్పగించలేదు. దస్తూరీ నాదే, కింద సంతకం నాదే, పైన పంచాయతీ ముద్ర ఉంది. పేజీ ఫోటో తీసుకొని వెయ్యి, నా పేరుతో సహా. కామమ్మకు నేనే చదివి వినిపిస్తాను. ముందు నువ్వు విను. “28–10–1963, సోమవారం. బ్యాటరీ పూర్తిగా అయిపోయినది. రేడియో పలుకుట లేదు.” దాని కిందే రెండో పంక్తి. “11–11–1963, సోమవారం. కొత్త బ్యాటరీ వచ్చినది. రేడియో పలికినది.”