డాక్టరు గారు వెయ్యని ఒట్టు

ఎవరు, ఈ ఫోటోలో కళ్ళజోడాయనా? మా పళ్ళ డాక్టరు గారమ్మా. పోయి ఎన్నేళ్ళయిందో, వేళ్ళ మీద లెక్కేస్తే ప్రతిసారీ ఒక ఏడు తప్పుతుంది. ఆయన పక్కన పనిముట్లు అందిస్తూ ఇరవై రెండేళ్ళు నిలబడ్డాను. ఇప్పటికీ మధ్యాహ్నం కాస్త కన్నంటుకుంటే అదే గది, ఆకుపచ్చ తెరల్లోంచి నీళ్ళలాంటి వెలుతురు, ఉమ్మే గిన్నెలో సన్నటి ధార చప్పుడు. ఏం చెబుతున్నాను? ఆఁ, ఆయన పద్ధతి. పిల్లలొస్తే పెద్దవాళ్ళని బయట బెంచీ మీద కూర్చోబెట్టేవారు. పిల్ల చేతికి అద్దమిచ్చి పళ్ళు లెక్కపెట్టేవారు, అదీ తప్పుగా, పిల్లలు దిద్దాలని. గడుసువాడులే.

ఒకరోజు బట్టల కొట్టాయన తన కూతుర్ని తీసుకొచ్చాడు, ఏడేళ్ళది. పైపెదవిని చిగురుకి కలిపే సన్నటి పొర ఉంటుంది చూడు, అది తెగింది. చెవి వెనక కమిలిన మచ్చలు. "సైకిల్ మీంచి పడిందండీ, వట్టి అల్లరి పిల్ల" అని నవ్వాడు తండ్రి. మంచివాడనే అనుకున్నాను నేను. డాక్టరు గారు ఆయన్ని బెంచీ మీదే ఉంచి లోపలికొచ్చి, నాతో "పడితే మోకాలు, గడ్డం దోక్కుపోతాయి. చెవి వెనక ఎలా తగులుతుందమ్మా?" అని పాత కార్డు తీయమన్నారు. ఆర్నెల్ల కిందట ముందుపన్ను విరిగి వచ్చింది ఈ పిల్లే. అప్పుడు కార్డు రాసింది నేను. "మెట్ల మీంచి పడ్డావా బంగారం?" అన్నాను, తలూపింది, రాసేశాను. పని తొందర మరి. ఆయన నన్నేమీ అనలేదు. "ఈసారి జవాబు మనం అందించొద్దు, తననే చెప్పనిద్దాం" అన్నారంతే.

"ఏమైంది తల్లీ?" అని ఊరుకున్నారు. ఎంతసేపో. చివరికి "నాన్న" అంది. "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి" అంది. నేనైతే వేసేసేదాన్నే. ఆయన మాత్రం, "ఒట్టు వెయ్యలేను తల్లీ. నిన్ను కాపాడేవాళ్ళకి చెప్పాలి. నీ తప్పేం లేదు" అన్నారు. పిల్ల మాటలు అన్నవన్నట్టే రాసుకుని, పిల్లల సంరక్షణ ఆఫీసుకి ఫోన్ చేశారు. పని ఇంకా అవలేదని తండ్రికి చెప్పడం నా వంతు. వెళ్ళి చెప్పొచ్చాను.

పొద్దువాలే లోపు ఆ ఆఫీసు నుంచి ఇద్దరొచ్చారు. ఒకాయన తండ్రితో మాట్లాడుతుంటే, ఒకావిడ పిల్లని వెనక గుమ్మంలోంచి తీసుకెళ్ళింది, అమ్మమ్మగారింటికి. గుమ్మం దగ్గర ఆగి నా చెయ్యి పట్టుకుంది ఆ పిల్ల. కోపంగా కూడా కాదు, మామూలుగా, "ఆంటీ, అప్పుడు కూడా నేను పడలేదు" అంది.

...ఆ కిటికీ కాస్త మూసెయ్యమ్మా. గాలి కొడుతోంది.