యాభై రెండో భాగం

ప్రదర్శనశాల గేటు ముందు, మూడంతస్తుల ఎత్తున్న నీలిరంగు రోబో ఎడమ కాలి దగ్గర, పొద్దున పదీ నలభై. లిఫ్టులు బాగుచేసే అతనొకడు, కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు బిగించే ఆవిడ ఒకరు. ఈ వయసులో బొమ్మల పిచ్చి ఏమిటని ఇద్దరూ ఇంట్లో అక్షింతలు వేయించుకునే వచ్చారు. అభిమానుల క్లబ్బులో అతను నట్టు, ఆవిడ రాడార్. ఎదురుగా టికెట్లు చూసే అమ్మాయి. ఇక వాళ్ళ మాటలే వినాలి.

"మళ్ళీ చెయ్యి."

"ఏడుసార్లు చేశానక్కా. మోగుతోంది, ఎత్తట్లేదు."

"ఎనిమిదోసారి చెయ్యి నట్టూ. నీ వేలేమన్నా అరిగిపోతుందా?"

"చేస్తున్నా... ఊహూ. కెప్టెన్ గారు కావాలనే ఏడిపిస్తున్నారు. చూస్తూ ఉండు, ఈ కాలి వెనక నుంచి వచ్చి 'సైనికులారా' అంటారు."

"రెండు నెలలుగా మన ప్రాణాలు తోడేసిన మనిషి. ఇవాళ ఆయనే ఆలస్యం."

"ప్రాణాలంటే గుర్తొచ్చింది. ఈ నలభై ఏళ్ళ ప్రదర్శన సంగతి తెలిసిన రోజు నేను లిఫ్టు గోతిలో ఉన్నాను, మోచేతుల దాకా గ్రీజు. ఫోన్ ఎత్తానో లేదో, 'ఒరే నట్టూ, యాభై రెండో భాగం దొరికిందిరా' అని కెప్టెన్ గారు ఒక్క కేక. చేతిలో స్పానర్ వదిలేశాను. మా సూపర్‌వైజరు బుర్ర బెత్తెడు దూరంలో తప్పింది."

"నయం. నేను ఒకాయనకి కుడి అద్దం ఎడమ కంటికి బిగించి పంపించేశాను. ఆయన మెట్లు దిగలేక మళ్ళీ వచ్చాడు పాపం."

"టికెట్లు చూపించండి, లేకపోతే కాస్త పక్కకి జరగండమ్మా. వెనక వాళ్ళున్నారు."

"ఒక్క నిమిషం అమ్మాయ్. మా టికెట్లు కెప్టెన్ గారి ఫోన్లో ఉన్నాయి. మూడు. పక్కపక్క సీట్లు. పదకొండింటి ఆట."

"పదకొండుకి తలుపులు మూసేస్తారండీ. మూశాక ఎవర్నీ పంపనివ్వరు."

"తెలుసమ్మా, తెలుసు. అదే మా భయం."

"ఏమనుకోకండి. పొద్దుట్నుంచి చూస్తున్నాను, ఇంతింత పెద్దవాళ్ళు. ఒకాయనైతే ఈ కాలిని పట్టుకుని ఏడ్చేశాడు. అంత ఏముందండీ ఇందులో?"

"అక్కా, అడిగింది. చెప్పనా?"

"నువ్వు మొదలుపెడితే సాయంత్రం అవుతుంది. రెండు ముక్కల్లో చెప్పు."

"పద్నాలుగేళ్ళ కుర్రాడమ్మా. ఈ నీలి కవచం లోపల కూర్చుని యుద్ధానికి వెళ్తాడు. వెళ్ళేటప్పుడు వాళ్ళమ్మకి చెప్తాడు, వానలు పడేలోపు వచ్చేస్తానని. యాభై ఒక్క వారాలు చూశాం టీవీలో. ఆ యాభై ఒకటో వారం ఏమైందంటే, కవచానికి ఎడమ చెయ్యి లేదు, లోపల దీపాలు ఒక్కోటీ ఆరిపోతున్నాయి. మంచులో ఈడ్చుకుంటూ వచ్చి వాళ్ళ వీధి మొదట్లో నిలబడ్డాడు. అంతే."

"అంతే అంటే?"

"స్టూడియో మూతపడింది. ఆఖరి భాగం గీసిన బొమ్మలు పోయాయన్నారు. ఇంటికెళ్ళాడో లేదో తెలీదు."

"నలభై ఏళ్ళమ్మా. నలభై ఏళ్ళు ఆ వీధి మొదట్లోనే నిలబెట్టేశారు మా పిల్లాణ్ణి. నేను పెళ్ళి చేసుకున్నాను, ఇద్దర్ని కన్నాను, జుట్టు నెరిసింది. వాడు మాత్రం మంచులోనే ఉన్నాడు."

"వాళ్ళింటి తలుపు కూడా ఎప్పుడూ చూపించలేదు. మెట్ల దాకా చూపించి ఆపేస్తారు. ఆ తలుపు నీలం అని కెప్టెన్ గారు, ఎరుపు అని నేను. పదహారేళ్ళుగా కొట్టుకుంటున్నాం."

"గోధుమరంగు అని నేను. నా మాట ఎవరు విన్నారు గనక?"

"ఇంతకీ నువ్వు చూశావా అమ్మాయ్? సిబ్బందికి ముందే వేస్తారంట కదా?"

"లోపలి సంగతులు ఎవరితోనూ అనకూడదని గట్టిగా చెప్పారండీ మాకు."

"చూసిందక్కా. ఆ మొహం చూడు."

"చూస్తే చూసింది. చెప్పకు తల్లీ. ఒక్క ముక్క అన్నావంటే చెవులు మూసుకుంటాను. నట్టూ, టైమెంత?"

"పదకొండుకి పది నిమిషాలు తక్కువ."

"ఆయన ఫోన్ నంబరు చెప్పండి. బుకింగ్ ఇక్కడ కనిపిస్తుందేమో చూస్తాను."

"బంగారు తల్లివి. ఇదిగో నంబరు, చూసుకో."

"ఆ... ఉంది. పదకొండింటి ఆట. రాడార్, నట్టు. ఇవి మనుషుల పేర్లేనా?"

"మేమేనమ్మా. మూడోది కెప్టెన్ అని ఉంటుంది."

"రెండే ఉన్నాయండీ."

"మూడు."

"రెండు. పదిహేడు, పద్దెనిమిది."

"సరిగ్గా చూడు. మూడూ పక్కపక్కనే తీసుకున్నానని ఆయనే చెప్పారు. మధ్య సీటు నాది, మీరిద్దరూ అటొకరు ఇటొకరు కూర్చోవాలి, మధ్యలో మాట్లాడితే తన్ని తగలేస్తానన్నారు."

"రెండేనండీ. ఈ నెల నాలుగో తారీఖున తీసుకున్నారు, అమ్మకం తెరిచిన పది నిమిషాలకే. అప్పటికి హాలంతా ఖాళీ. పందొమ్మిదో సీటు మర్నాడు ఇంకెవరో కొన్నారు."

"నొక్కడంలో పొరపాటు పడుంటారు. పెద్దాయన కదా."

"ఆయన పొరపాటు పడరు నట్టూ. నీ బోల్టుల లెక్క తప్పని పట్టుకున్న మనిషి. ఆ ఆఖరి మెసేజ్ పెట్టు, ఏమన్నారో మళ్ళీ వింటాను."

"మంగళవారందా? పెడుతున్నా."

"'సైనికులారా. శనివారం, పదీ ముప్పై, ఎడమ కాలి దగ్గర. నేను... అక్కడే ఉంటాను. నేను ఆలస్యమైతే నా కోసం ఆగకూడదు. లోపలికి వెళ్ళిపోవాలి. ఇది ఆజ్ఞ.'"

"విన్నావా, వెనక ఆ టింగు టింగు? ఇరవై మూడో భాగంలో ఇంధనం అయిపోయేటప్పుడు మోగుతుంది చూడు, అది. ఎక్కడ సంపాదించారో గానీ, రెండు వారాలుగా ప్రతి మెసేజ్‌కీ వెనక అదే పెడుతున్నారు."

"ఇరవై మూడు కాదు, ముప్పై ఒకటి. నీకెన్నిసార్లు చెప్పాలి? ఇరవై మూడులో గబగబా మోగుతుంది. ఇది ఆగి ఆగి మోగుతోంది."

"ఇంకోసారి పెడతారా అండీ?"

"నీక్కూడా నచ్చిందా అమ్మాయ్? ఇదిగో..."

"ఇది సినిమాలో చప్పుడు కాదండీ."

"అయ్యో, నీకేం తెలుసు, మేము ఒక్కో భాగం వందసార్లు..."

"మా నాన్న మంచం పక్కన ఇరవై రోజులు విన్నానండీ ఇది. ఐసీయూలో మిషన్ది."

"అక్కా."

"ఆగు."

"అక్కా, రెండు ఆదివారాలు రాకపోతే ఊరెళ్ళారనుకున్నాం మనం..."

"ఆగమన్నానా. ఏ ఆసుపత్రి?"

"నాకేం తెలుసు?"

"ఇల్లెక్కడ ఆయనది?"

"తెలీదు. బస్సు దిగి వస్తారు, అంతే."

"సరే, ఆసుపత్రులన్నిటికీ ఫోన్ చేద్దాం. పేరు చెప్పి అడుగుదాం. ఆయన పేరేంటి?"

"కెప్టెన్ గారు."

"అసలు పేరు నట్టూ."

"నీ పేరే నాకు తెలీదక్కా. 'చెప్పులూ పేరూ గుమ్మం బయట విడిచి రండి' అన్నది ఆయనే కదా. ఆదివారం వచ్చామా, బొమ్మలు బిగించామా, పోట్లాడుకున్నామా, వెళ్ళామా. బయట ఎవరేంటో అడిగితే ఆ రోజు టీ ఖర్చు వాళ్ళది. పదహారేళ్ళలో ఒక్కసారి కూడా నేను టీ ఖర్చు పెట్టుకోలేదు. గొప్పగా చెప్పుకునేవాణ్ణి."

"మళ్ళీ చెయ్యి."

"ఎత్తరక్కా."

"చెయ్యి."

"మోగుతోంది... మోగుతోంది... హలో? హలో, ఎవరండీ? అక్కా, ఎవరో ఆడమనిషి. స్పీకర్ పెడుతున్నా."

"నేను నర్సునండీ. మీరు నట్టు గారా?"

"అవునండీ. మా కెప్టెన్... ఆ ఫోన్ ఎవరిదో ఆయన, ఎలా ఉన్నారు?"

"మీరు ఆయనకి ఏమవుతారండీ?"

"ఏమవుతాం అంటే... అక్కా, ఏమవుతాం?"

"నర్సమ్మా, నేను రాడార్‌ని. మేము ఆయన మనుషులం. ఎలా ఉన్నారో చెప్పండి."

"పొద్దుట్నుంచి మీ ఫోన్లు చూస్తూనే ఉన్నానమ్మా. పన్నెండు లోపు వీళ్ళు చేస్తే ఎత్తొద్దని కాగితం మీద రాసి పెట్టారు. సినిమా చెడిపోతుందట. కానీ ఇందాక డాక్టరు గారే అన్నారు, ఆయన వాళ్ళెవరన్నా ఉంటే పిలవమని. కాగితాల్లో దగ్గరివాళ్ళు అన్నచోట మీ ఇద్దరి పేర్లే ఉన్నాయి."

"మా అసలు పేర్లు..."

"రాడార్, నట్టు. ఇవేం పేర్లండీ అంటే నవ్వారు. ఇంకెవరూ లేరన్నారు."

"ఎక్కడమ్మా ఆసుపత్రి? ఇప్పుడే బయల్దేరతాం."

"ఊరికి ఉత్తరాన, పాత రైలు గేటు దాటాక."

"అక్కడికి గంటంబావు అక్కా."

"గంటంబావా... అంత టైము ఉంటుందని నేను చెప్పలేనమ్మా. బుధవారం గొంతులో గొట్టం వేశారు, మాట లేదు. నిన్నటి దాకా పలక మీద రాసేవారు. పొద్దుట్నుంచి చెయ్యి కదలట్లేదు. చెవులు మాత్రం పనిచేస్తాయంటారు డాక్టరు గారు."

"ఏం రాసేవారు?"

"ఒకటే రాసేవారు. డ్యూటీ మారి ఎవరొచ్చినా అదే చూపించేవారు. 'వాడు ఇంటికెళ్ళాడా?' అని. ఎవరమ్మా వాడు? కొడుకా? మేమెవరమూ జవాబు చెప్పలేకపోయాం. అమ్మా, ఉన్నారా?"

"ఉన్నాను. ఒక్క నిమిషం పెట్టేయకండి. నట్టూ, టైమెంత?"

"పదకొండుకి నాలుగు నిమిషాలు తక్కువ. ఆట నలభై నిమిషాలు. నేను బయల్దేరతా, నువ్వు లోపలికెళ్ళు."

"లోపల ఫోన్లు సంచిలో పెట్టి సీలు వేస్తారు. చూసి బయటికొచ్చి చెప్పేసరికి... లోపలికెళ్తే ఆయన దగ్గరికి వెళ్ళలేం. వెళ్ళకపోతే ఆయనకి చెప్పడానికి జవాబు లేదు. ఏం చెయ్యను నట్టూ?"

"ఉండక్కా. అమ్మాయ్, నువ్వు చూశావు కదా. చెప్పు. వెళ్తాడా ఇంటికి?"

"నేనా..."

"చెప్పకూడదని నీకు చెప్పారు, తెలుసు. నీ కాళ్ళు పట్టుకుంటాను. అవుననో కాదనో ఒక్క మాట."

"వెళ్తాడండీ."

"నిజంగా?"

"వెళ్తాడు. మంచులో కవచం ఆగిపోతుంది. దాన్ని అక్కడే వదిలేసి దిగి నడుస్తాడు. మెట్లెక్కుతాడు. తలుపు ఆకుపచ్చ. గొళ్ళెం దగ్గర రంగు లేచిపోయి ఉంటుంది. తడతాడు. వాళ్ళమ్మ తాళం వెయ్యకుండానే ఉంచుతుంది."

"ఆకుపచ్చా? అక్కా, ఆకుపచ్చంట."

"నర్సమ్మా, ఫోన్ ఆయన చెవి దగ్గర పెడతారా?"

"పెట్టానమ్మా. మాట్లాడండి."

"కెప్టెన్ గారూ. రాడార్‌ని. నట్టు కూడా ఉన్నాడు. ఆట... ఆట అయిపోయిందండీ. ఇప్పుడే బయటికొచ్చాం. వాడు ఇంటికెళ్ళాడు. విన్నారా? కవచాన్ని వీధి మొదట్లో వదిలేసి దిగాడు. నడిచాడు. మెట్లెక్కాడు. తలుపు నీలం కాదు, ఎరుపూ కాదు. ఆకుపచ్చ. మనం ముగ్గురం ఓడిపోయాం. గొళ్ళెం దగ్గర రంగు లేచిపోయి ఉంది. వాళ్ళమ్మ తాళం వెయ్యలేదండీ. ఇన్నేళ్ళూ వెయ్యలేదు. నట్టూ, నువ్వూ చెప్పు."

"కెప్టెన్ గారూ... వెళ్ళాడండీ. నేను చూశాను. మీరు మధ్య సీట్లో... మేము మధ్యలో మాట్లాడలేదండీ."

"నర్సమ్మా, విన్నారా ఆయన?"

"నేనేం చెప్పలేనమ్మా. డాక్టరు గారు వస్తున్నారు. ఉంటాను."

"పెట్టేసింది."

"విని ఉంటారక్కా. చెవులు పనిచేస్తాయంది కదా. కదక్కా?"

"పద, బస్సు చూద్దాం. తలుపులు మూసేస్తున్నారమ్మా అనకు అమ్మాయ్, వినపడుతోంది గంట. అంతా తెలిసిపోయాక ఇంకేం చూస్తాం లోపల? ఆ రెండు సీట్లూ ఎవరికన్నా ఇచ్చెయ్యి."

"వద్దండీ. ఒకరు ఆసుపత్రికి వెళ్ళండి, ఒకరు లోపలికి వెళ్ళండి."

"ఎందుకమ్మా?"

"ఏమైందో చూసి నాక్కూడా చెప్పండి. గేటు వాళ్ళకి ఎవరికీ వెయ్యలేదండీ సినిమా. ఆ ఆకుపచ్చ తలుపు మా ఇంటిది."