మూసిన సత్రంలో పొగ

హలో… ఆ, నేనే, ఒబ్దులియానే. ఈ నంబర్లో ఇంకెవరుంటారు! … ఎవరు మాట్లాడేది?

యాత్రికురాలా? జనవరిలోనా?

…

సత్రం మూసేశాం తల్లీ. తలుపు మీద బోర్డు కనబడలేదూ? ఇంతింత అక్షరాలతో రాశాను, ఈస్టర్ దాకా తెరవమని. … చూశావా? మరి ఫోనెందుకు? నా నోటితో కూడా వినాలనా?

…

ఏడాది పొడుగునా తెరిచే ఉంటుందని ఎవడు రాశాడు? … ఇంటర్నెట్లోనా. బాగుంది. అత్త సొమ్ము అల్లుడు దానం. వాడెవడో ఇంట్లో కాళ్ళు చాపుకుని నా మంచాలు పంచిపెడుతున్నాడు. వెళ్ళి వాడింట్లోనే పడుకో.

…

ఏడవకు. ఏడుపంటే నాకు ఒళ్ళు మంట. నేనిక్కడ హిహోన్లో, సముద్రం పక్కన, మా అమ్మాయి ఎల్వీరా దగ్గరున్నాను. ఇక్కణ్ణుంచి తాళంచెవి విసరమంటావా?

ఏ ఊరు నీది? … ఉయెల్వానా! అనుకున్నా. ఎండలో పుట్టి పెరిగినదానివి, చలికాలం కొండెక్కమని ఎవరు చెప్పారు? … మొక్కా? మొక్కు మే నెలలో తీర్చుకుంటే సాంతియాగో స్వామి వద్దన్నాడా?

మంచు ఎంత పడింది? … చీలమండల దాకానా. … ఇంకా పడుతోందా. … బూట్లు తడిశాయా. తడవక!

వెనక్కి వెళ్ళు. కింద వెగార్‌లో చర్చి వాళ్ళ గది— … అదీ మూతేనా? ఫాదర్‌గారు? … ఔన్లే. చలికాలమంతా ఆయన పట్నంలో ఉంటాడు, దేవుణ్ణొక్కణ్ణీ ఇక్కడ చలికి వదిలేసి. … అయితే కనుమ దాటి తెహేదోలో సత్రం నడిపే ఆవిడ— … ఆవిడకి మోకాలి ఆపరేషనా. అయ్యో. … మరి ఎవరూ లేరని తెలిసి కొండెందుకు ఎక్కావమ్మా? … ఎక్కాక చేశావా ఫోన్లన్నీ. తెలివి!

…

ఊళ్ళో ఇంకెవరూ లేరు. … లేరంటే లేరు! చలికాలం పెద్రేదోలో కాకులు తప్ప మనిషి ఉండడు. … పై సందులోనా? గోడల మీది దారి బాణాలు అటు చూపించాయా? … ఆ ఇంటి సంగతి నాకు చెప్పకు! వినను. … వినను అన్నానా! ఆ ఇంటి మాట ఇంకోసారి ఎత్తితే ఫోన్ పెట్టేస్తాను.

…

ఎందుకేంటి? ఆ పసుపు బాణాలు సాంతియాగో చర్చికి వెళ్ళేవి కావు, మా తమ్ముడి గుమ్మంలోకి వెళ్ళేవి. అసలు యాత్ర దారి నా వాకిట్లోంచే. మా తాతలనాటి నుంచీ అంతే. సెకుందీనో అని, నా వెనకే పుట్టాడు. అమ్మ పోయిన ఏడాదికే పై ఇంట్లో పోటీ సత్రం పెట్టాడు. రంగు డబ్బా పట్టుకుని దారినే తిప్పేశాడు. నేను ఇనప బ్రష్షుతో గీకేదాన్ని, వాడు మళ్ళీ పూసేవాడు. నేను గీకడం, వాడు పూయడం… నవ్వుతున్నావా? చలికి వణుకుతూ కూడా నవ్వొస్తోందే నీకు!

అప్పణ్ణుంచీ మాటల్లేవు. ఆ సందులో అడుగు పెట్టనని ఒట్టేసుకున్నాను. వాడి పేరెత్తినవాళ్ళకి నా ఇంట్లో కాఫీ నీళ్ళు కూడా పుట్టవని ఊరందరికీ చెప్పేశాను. నా మటుకు ఆ ఊళ్ళో ఎవడూ లేడు. అర్థమైందా?

…

చస్తే చావమన్నానా నేను! … చర్చికి వసారా ఉంది. అందులో రాతి బెంచీ ఉంది, గాలి తగలదు. … రాయి చల్లగా ఉంటుందని నాకూ తెలుసు! వెచ్చగా కావాలంటే ఉయెల్వా వెళ్ళు! … వెళ్ళు, కుడివైపుకి తిరిగి దిగితే కనబడుతుంది. … వెళ్తున్నావా? … ఏం, ఆగిపోయావేం?

ఏ పొగ? … నీలం తలుపు ఇంట్లోంచా? నువ్వు ఇందాక నిలబడ్డది నీలం తలుపు ముందే. అది నా ఇల్లు! … పొగమంచమ్మా అది. నువ్వెప్పుడైనా చూస్తేగా. … కట్టెలు కాలిన వాసనా?

…

నా ఇంట్లో? నా పొయ్యి? … ఎవడు! ఎవడువాడు! నా తాళం పగలగొట్టి నా కట్టెలు తగలేస్తున్నది! వెనక్కి రా. రా నువ్వు! చేతికర్ర ఉందా? గట్టిగా పట్టుకో. కర్రతోనే తలుపు బాదు. … ఒక్కదాన్నని చెప్పకు. మొగుడు వెనకాలే వస్తున్నాడను. … లేకపోతే లేడు, వస్తున్నాడను! ఫోన్ మాత్రం ఆపకు.

…

తీశాడా? … ఎలా ఉన్నాడు? … ముసలాడా. తెల్లగడ్డమా. … ఎడం కన్ను చికిలించి చూస్తున్నాడా. … స్వెట్టరా? ఆకుపచ్చదా? ఎర్ర బొత్తాలా? … అది నాది! నా స్వెట్టర్! మేకుకి తగిలించి వచ్చాను!

…

ఫోన్లో ఎవరని అడుగుతున్నాడా? చెప్పకు. నీ పిన్నో పెద్దమ్మో అను. లోపలికెళ్ళు. … రమ్మంటున్నాడుగా, వెళ్ళు! వాడు దొంగే గానీ చెడ్డవాడు కాదు. పొయ్యి దగ్గర కూర్చుని మెల్లగా అడుగు, ఇది మీ ఇల్లేనా తాతా అని.

…

కాదన్నాడా? మా అక్కదన్నాడా. … ఔనూ, అదొక్కటి గుర్తుంది మారాజుకి! పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు… ఇప్పుడర్థమైంది. ప్రతి ఈస్టర్‌కీ నేనెళ్ళేసరికి దిళ్ళన్నీ చుట్ట కంపు. మా అల్లుడి పనేనని చెడామడా తిట్టేశాను. పాపం వాడు చుట్టలు నిజంగానే మానేశాడన్నమాట.

అడుగు, తన కొంప వదిలేసి ఇక్కడెందుకున్నాడో అడుగు. నీకై నువ్వు అడుగుతున్నట్టు అడుగు.

…

వేలు చూపిస్తున్నాడా? పైకా? … ఆ… నువ్వు ఆ సందులోంచేగా వచ్చావు. … ఏంటీ? … కప్పు లేదా? … పలకరాళ్ళన్నీ లోపలికే కూలిపోయాయా? దూలాలు కూడానా?

…

ఇందాక చెప్పబోయింది ఇదేనా? … నేనే నోరు మూయించానా. … సరే. సరేలే.

ఎప్పుడు కూలిందట? … ఈ ఏడు కాదా. కిందటేడూ కాదా. అంతకు ముందు చలికాలం. … ఎవరూ చెప్పలేదే నాకు! ఇంతమంది వస్తారు పోతారు, ఒక్కడూ… ఎలా చెబుతారు. కాఫీ పోయనన్నాను కదా.

…

రోజూ పొయ్యి వెలిగిస్తాడటా? ఎందుకూ, వంటకా? … నా నీళ్ళగొట్టాలు గడ్డకట్టకుండానా.

…

ఉన్నాను. లైన్లోనే ఉన్నాను. ఊళ్ళో అందరి గొట్టాలూ పగిలాయమ్మా మొన్నటేడు. నావి పగల్లేదు. మా నాన్న కట్టిన గోడలు మరి అని ఎంత కోతలు కోశానో. వచ్చినవాళ్ళందరికీ గోడలు తట్టి మరీ చూపించాను. … గోడలు!

మరి వేసవిలో? నేనొచ్చాక ఎక్కడుంటాడు? అడుగు. … మేకల కొట్టంలోనా? … మేకల్ని ఎప్పుడో అమ్మేశాడు కదా. … ఉత్త కొట్టంలో. నా పెరటి గోడకి అవతల. ఇవతల నా మంచాల మీద ఎక్కడెక్కడివాళ్ళో పడుకుని గురకలు పెడుతుంటే… అడగడానికి నోరు పడిపోయిందా వాడికి! అక్కా, కప్పు కూలిందే అంటే తల తెగిపోయేదా! ఇన్నాళ్ళూ నన్ను ఊళ్ళో వెర్రిదాన్ని చేశాడు! … ఫోన్లో ఉన్నది నేనేనని చెప్పేయ్! ఔను, నేనేనని చెప్పు! ఖాళీ చెయ్యమను! దొంగలా ఉంటే ఊరుకోనను, ఇప్పుడే పొమ్మను!

… వాడి తరఫున మాట్లాడతావేం, నువ్వూరుకో! కందకి లేని దురద కత్తిపీటకెందుకు? చెప్పమన్నది చెప్పు!

…

చెప్పావా? … ఏం చేస్తున్నాడు? … బూట్లా? … నిజంగా తొడుక్కుంటున్నాడా? … స్వెట్టర్ విప్పేశాడా. మడతపెట్టి కుర్చీ మీద… … ఎక్కడికట? … కొట్టానికా? ఈ మంచులోనా!

ఆపు! తలుపుకి అడ్డం నిలబడు! … ఏదో ఒకటి చెయ్యి, కాలు పెట్టు, కర్ర పెట్టు! వీడు చిన్నప్పటి నుంచీ ఇంతే, పో అంటే నిజంగానే పోతాడు!

ఆగు, ఆగు. నువ్వు గడప దాటావా? రెండు కాళ్ళూ లోపలే ఉన్నాయా? … అయితే వాడితో చెప్పు. సత్రం తెరిచినట్టేనని చెప్పు. యాత్రికులు కప్పు కింద ఉన్నంతసేపూ ఇంటి మనిషి గడప దాటకూడదు. మా అమ్మ పెట్టిన కట్టడి. నాన్న శవపేటిక కూడా యాత్రికులు రొట్టె తిని బయల్దేరాకే లేపనిచ్చింది ఆవిడ. అది గుర్తుందా అని అడుగు.

…

ఏమన్నాడు? … కూర్చున్నాడా. … ఒక బూటు విప్పాడా. రెండోది? … సరే, ఒకటి చాలు ప్రస్తుతానికి.

స్వెట్టర్ తొడుక్కోమను. … నేను తొడుక్కోమన్నానని చెప్పకు. నీకు చూస్తుంటే చలేస్తోందని చెప్పు. … పెద్ద పెట్టెలో మందపాటి దుప్పట్లుంటాయి, నీకో రెండు తీసుకో. … వాడు పల్చటిది కప్పుకుంటున్నాడా? ఎందుకూ? … అక్క పెట్టె కాబట్టి తియ్యలేదా! ఇల్లు తీస్తాడట, పెట్టె తియ్యడట! … తియ్యి నువ్వు. మూడు తియ్యి. ఆ మూడోది… నీకు తెలుసులే.

ఫోన్ వాడికియ్యి. … తీసుకోడా? చెవి దగ్గర పెట్టు, అదే వింటాడు.

…

ఏరా.

…

ఊపిరి వినబడుతోందిలే. … ఆ దగ్గేంటి? ఎన్నాళ్ళ నుంచి? … మాట్లాడవా? పోనీ తిట్టు. అదైనా చెయ్యి.

…

ఏంటీ? … పొద్దున ఆవిడ వెళ్ళగానే నువ్వూ వెళ్తావా. అమ్మ కట్టడి అంతవరకేనా. … ఓహో. పౌరుషం! కప్పు లేకపోయినా అదొక్కటీ చెక్కు చెదరలేదు!

అయితే విను. రేపు పొద్దున్నే బస్సెక్కుతున్నాను. వెగార్ దాటి చలికాలం బస్సు రాదు, నీకూ తెలుసు. అక్కణ్ణుంచి నడిచొస్తాను. … నా మోకాళ్ళు నావి, నీకెందుకు! నడిచొచ్చి తలుపు తట్టినవాళ్ళని అమ్మ ఏమనేది? … గట్టిగా చెప్పు. … ఆ. యాత్రికులనేది. నేను వచ్చేదాకా ఆ ఉయెల్వా పిల్లని కదలనివ్వకు, దాని బూట్లు కూడా ఆరవు. నేను గడపలోకొచ్చాక నువ్వు దాటలేవు. నేనేమీ తొందరగా బయల్దేరే యాత్రికురాల్ని కాదు.

…

దారి నాకు చెబుతావా నువ్వు! … ఆ, పై సందులోంచే వస్తాను. కూలిన కప్పు నా కళ్ళతో చూడద్దూ? … ఒట్టు తీసి గట్టున పెట్టాన్లే. నీ దిక్కుమాలిన బాణాలు పట్టుకునే వస్తాను, సరేనా? తలుపు నువ్వే తియ్యి.

…

నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా? … ఏరా? … హలో? … హలో!

పెట్టేశాడు. ఇన్నేళ్ళకి మాట్లాడి, నా మొహం మీదే పెట్టేశాడు గాడిద.

ఎల్వీరా! … ఏమే, నా కొండ బూట్లు ఎక్కడ దాచావ్?