గోదాం గేట్లూ, లక్ష్మీరాజం నలభై కుక్కలూ

గోదాం రెండు గేట్లూ ఒక్కసారే తెరిచిపెట్టింది తనేనని రచన ఇంతవరకు ఎవ్వరికీ చెప్పలే. కన్నతల్లి సత్యవ్వకు గూడ చెప్పలే.

సకల జనుల సమ్మె రోజులు. సిరిసిల్లల బట్టలు నేసే సాంచాలు బందు, బస్సులు బందు, బడులు బందు. సత్యవ్వ చాయ్ హోటల్ ఒక్కటే నడుస్తున్నది, అండ్ల లక్ష్మీరాజం నోరు నడుస్తున్నది.

"మన కాలనీ నాగవ్వ కాలు పట్టిన కుక్కను ఇడిపిచ్చింది ఎవరనుకున్నరు? నేనే! ఒక్క చేత్తోని. ఇంకో చేతిల చాయ్ గిలాస ఉండె, బొట్టు ఒలికితే ఒట్టు."

గిలాసలు కడుగుతున్న రచన చెయ్యి ఆగింది. కాలనీ వెనక పాత గోదాం ఆవరణ ఉన్నది. పొద్దుగాల అందరు కుక్కలను తెచ్చి, గొలుసులిప్పి ఉరికించే జాగ అది. గోడ మీద కాలనీ కమిటీ రాయించిన కట్టుబాట్లు మూడే: కరిచే కుక్క మూతికి చిక్కం కట్టాలె, చిన్నపిల్లలను తేవద్దు, లోపలి గేటు పెట్టినంకనే బయటి గేటు తియ్యాలె. గేటు కాడి అర్రల ఉండి ఆ గేట్లను చూసుకునేటాయన యోహాను.

"ఒక్క కుక్కేనా కాకా?" అని చాయ్ తాగుతున్న బాలకిషన్ ఎగదోసిండు.

"ఒక్కటా? పన్నెండు! రోడ్డు మీద మన వంటావార్పు నడుస్తుంటే గోదాంలకెల్లి ఉరికొచ్చినయి. మెడల కండువ తీసి ఒక్క జాడింపు జాడిచ్చిన. పన్నెండూ బడిపోరగాండ్ల లెక్క వరుసకు నిలవడ్డయి. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? సంగతి తెలిసి వేములవాడకెల్లి, ఎల్లంతకుంటకెల్లి కుక్కలచ్చె. అన్ని కలిసి నలభై!"

"బస్సులు బందు గదనే, ఎట్లచ్చినయి?"

"నడిచే అచ్చినయి! సమ్మెల అవి మాత్రం బస్సెక్కుతయార? నలభైని దీక్ష టెంటు కింద కూసుండవెట్టిన. ముంగట బగార అన్నం ఉడుకుతుంటె ఒక్కటి మెతుకు ముట్టలే. గంతల పోలీసోళ్ల కుక్క జీపు దిగి నా మీదికచ్చె. కండ్లల్ల కండ్లు పెట్టి చూసిన. అంతే! మెడల పట్టా అదే కొరికి అవుతల పారేసి, నౌకరికి రాజీనామ ఇచ్చి టెంట్ల కూసున్నది. నేను 'జై' అంటె నలభై ఒక్క కుక్కలు 'తెలంగాణ' అన్నయి!"

హోటలంతా నవ్వింది. రచనకూ నవ్వచ్చేదే, లక్ష్మీరాజం మీసం దువ్వి ఇంకో మాట అనకపోతే.

"గిదంత ఆ యోహాను చేసిన ఆగమే. గేటు ఇడిసిపెట్టి తాగి పండుకున్నడు. అర్ర ఖాళీ చేయించి కమిటీ మంచి పని చేసింది."

రచన గిలాసను బల్ల మీద ఠక్కున పెట్టింది.

"తాగి పండుకున్నడా? నువ్వు చూసినవా పెద్దనాయినా?"

"చూడకుంటనే అంటనా బిడ్డా?"

"ఎట్ల చూస్తవు? మొదటి కుక్క మొరుగంగనే టెంటు గుంజ పట్టుకొని పైకెక్కితివి! నాగవ్వను ఇడిపిచ్చింది యోహాను తాత. ఆయన చెయ్యి చీరుకపోయింది. గా చేత్తోనే నిచ్చెన తెచ్చి నిన్ను దించిండు."

బాలకిషన్ పగలబడి నవ్విండు. రచన నవ్వలే. కోపం లక్ష్మీరాజం మీద మొదలై తన మీదికే తిరిగింది.

"గేటు ఇడిసిపెట్టింది గూడ తాత కాదు. నేను."

సత్యవ్వ చాయ్ వడపోసుడు ఆపింది. "ఏందే?"

"వంటావార్పుకు పెద్ద గంజు కావాలంటిరి. అది గోదాంల ఉండె, ఇద్దరు పడితే గాని లేవది. చెరొక దిక్కు పట్టుకుంటే గేటు ఎవరు పెట్టాలె? నూలుపోగులు పేని రెండు గేట్లూ వెనుకకు కట్టిన. 'ఒకటి పెట్టినంకనే ఇంకోటి బిడ్డా' అన్నడు తాత. 'కుక్కలు గా మూలకున్నయి, గిప్పుడే అస్తం' అని నేనే ఆయనను గుంజుకపోయిన. మేం గంజు లేపేలోపల అవి బయటికి ఉరికినయి. కమిటీ అడిగితే ఆయన 'గేటు నాది, తప్పు నాది' అన్నడు. నేను పక్కనే నిలబడి నేల చూసిన."

"నలభై కాకపోయినా... నాలుగైతే ఉండె," అని గొణిగిండు లక్ష్మీరాజం. ఎవ్వరూ అటు చూడలే.

సత్యవ్వ బిడ్డ మొఖం చూసింది, తిట్టలే. "ఇప్పుడాయన ఏడున్నడు?"

"కోరుట్లల, ఆయన బిడ్డ ప్రీతి ఇంట్ల."

రచన తడి చేతులు చున్నీకి తుడుచుకొని సెల్లు తీసింది. కమిటీ పెద్ద దేవేందర్ నంబరు కాడ వేలు ఆగింది. ఆయనకు చెప్పాలె, అందరి ముంగట చెప్పాలె, తాత అర్ర తాతకు ఇప్పియ్యాలె. అదంతా తర్వాత. ముందు కోరుట్లకు, తాతకు ఫోన్ చెయ్యాలె.