కిటికీ పక్క గడి

ఆఫీసులో ఎవరి సీటు ఎక్కడో చూపే పటం గీసేదీ, రిటైరైనవాళ్ల గడి చెరిపేదీ ఇరవై రెండేళ్లుగా పెద్ద గుమాస్తాయే. కంప్యూటర్లు చూసే అమ్మాయి కిటికీ పక్కనున్న ఆయన సీటు దగ్గరికి రాగానే మౌసు మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"నేను పటం గీసే ఈ బొమ్మల ప్రోగ్రాం తీసేయమని ఎవరు చెప్పారమ్మా?"

"తయారుచేసినవాళ్లే ఆపేస్తున్నారు బాబాయ్."

"మేనేజరేమైనా అన్నాడా?"

"అబ్బే, లేదు."

"మరి ముందు నా దగ్గరికే వచ్చావేం?"

"ఇంకా వాడేది మీరొక్కరే కదా!"

"సరే, దీని బదులు పెట్టే కొత్తదాంట్లో మన పటం చూపించు."

"ఇప్పుడెందుకు బాబాయ్..."

"చూపించమన్నానా!"

ఆమె తెరిచింది. ఆయన ఒక్కో గడీ వేలితో లెక్కపెట్టాడు.

"కిటికీ పక్కన ఖాళీగా ఉందేం?"

"నేను చెరపలేదు బాబాయ్. మేనేజరు గారు నిన్న అలాగే పంపారు."

ఆయన మౌసు మీంచి చెయ్యి తీశాడు.

"ఎవరి గడి చెరిపినా, ముందు వాళ్లకి చెప్పేవాణ్ణమ్మా నేను."